రెండు పట్టికలు, ఒకే నేల: జాతీయ సాహిత్య పురస్కారాల వెలుగులో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత ద్విభాషా చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక ప్రాంత సాహిత్య చరిత్రను రాసేవారికి తొలి ఆధారంగా కనిపించేది పురస్కార గ్రహీతల పట్టిక. సంవత్సరం, రచయిత, గ్రంథం అనే మూడు గడులలో చరిత్ర సిద్ధంగా అమరి ఉన్నట్లు తోస్తుంది. పోటీ పరీక్షల మార్గదర్శకాలు మొదలుకొని జిల్లా సాహిత్య చరిత్రల వరకు ఈ పట్టికను విరివిగా వాడుకోవడానికి ఈ సౌలభ్యమే కారణం. అయితే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాల పట్టికలు భాషల వారీగా విడివిడిగా ఉంటాయి. తెలుగు విద్యార్థి తెలుగు పట్టికను, ఉర్దూ విద్యార్థి ఉర్దూ పట్టికను చదువుతారు. రెండు భాషలు కలిసి బతికిన నేల చరిత్ర ఆ రెండు పట్టికల మధ్య జారిపోయే ప్రమాదం ఉంది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రాంతం – భాషా స్థితి

ఈ మూడు పట్టణాలు నిజాం రాజ్యపు ఆగ్నేయ అంచున ఉన్నాయి. కోదాడ దాటితే జగ్గయ్యపేట. అక్కడి నుంచి నాటి మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ, హుజూర్‌నగర్ అందులో చేరగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. పరిపాలనా సరిహద్దులు మారినా భాషాపరంగా ఈ ప్రాంతానిది ఒకే అనుభవం. ఇంట్లోనూ పొలంలోనూ తెలుగు, కచేరీలోనూ బడిలోనూ ఉర్దూ, తండాల్లో లంబాడీ. పట్టా, పహాణీ, తహసీలు, దస్తావేజు, దరఖాస్తు వంటి మాటలు ఇప్పటికీ ఇక్కడి రైతు నోట తెలుగు మాటలుగానే పలుకుతాయి. హుజూర్‌నగర్ అనే ఊరి పేరులోనే అరబ్బీ మూలపు పదమూ సంస్కృత పదమూ పక్కపక్కన ఉన్నాయి.

ఈ సహజీవనం సమాన స్థాయిలో సాగలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక దేశభాషను ఉన్నత విద్యకు మాధ్యమం చేసి దేశానికి దారి చూపింది. కాని ఆ దేశభాష రాజ్యంలోని అధిక సంఖ్యాకుల భాష కాదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తకు ఎదురైన అవమానమే ఆంధ్ర జనసంఘ స్థాపనకు, అనంతరం ఆంధ్ర మహాసభకు దారితీసింది. ఆ మహాసభ 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమైనది కోదాడకు సమీపంలోని చిలుకూరులోనే. తెలుగు కోసం జరిగిన ఈ పోరాటం ఉర్దూ మీద పోరాటంగా మారలేదు. మహాసభ నాయకులలో ఒకరైన మందుముల నరసింగరావు ‘రయ్యత్’ అనే ఉర్దూ పత్రికకు సంపాదకులు. ఆయనే ‘50 సంవత్సరాల హైదరాబాదు’ను తెలుగులో రాశారు. అడివి బాపిరాజు సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వెలువడిన తెలుగు ‘మీజాన్’కు అదే పేరుతో ఉర్దూ పత్రిక తోడుగా ఉండేది. రాజభాష ఆధిపత్యాన్ని ఎదిరించినవారే ఆ భాషలోని సాహిత్యాన్ని తమదిగా చేసుకున్నారు. ఈ ద్వంద్వ స్థితిని విస్మరిస్తే ఇక్కడి సాహిత్య చరిత్ర అర్థం కాదు.

పురస్కార విధానం – దాని మేలు

సాహిత్య అకాడమీ 1954 మార్చి 12న ప్రారంభమైంది. పురస్కారాల ప్రదానం 1955లో మొదలైంది. ప్రస్తుతం 24 భాషల్లో పురస్కారాలు ఇస్తున్నారు. వీటిలో 22 రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోనివి. మిగిలినవి ఇంగ్లీషు, రాజస్థానీ. ప్రతి భాషకు వేరుగా న్యాయనిర్ణేతలుంటారు. ఒక భాషలోని గ్రంథం మరొక భాషలోని గ్రంథంతో పోటీ పడదు.

ఈ విభజనలోని మేలును తక్కువ చేయరాదు. రెండు అధికార భాషలు గల కెనడాలో గవర్నర్ జనరల్ పురస్కారాలు 1936లో మొదలైనప్పుడు ఫ్రెంచి గ్రంథాలకు ప్రత్యేక స్థానం లేదు. గాబ్రియేల్ రువా రాసిన ఫ్రెంచి నవలకు 1947లో పురస్కారం దక్కింది దాని ఇంగ్లీషు అనువాదం ద్వారానే. ఫ్రెంచి గ్రంథాలకు వేరు పురస్కారాలు 1959లో గాని రాలేదు. అనువాదానికి 1987లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఒక భాష మరొక భాష గుమ్మం గుండానే లోపలికి రావలసిన దుస్థితి భారతీయ భాషలకు అకాడమీ పురస్కారాలలో మొదటి నుంచీ లేకపోయింది. కాబట్టి ఈ వ్యాసం ప్రశ్నిస్తున్నది అకాడమీ విధానాన్ని కాదు. ఆ విధానం ఇచ్చిన పట్టికనే సాహిత్య చరిత్రగా స్వీకరించే మన అలవాటును.

ఒకే శాసనసభ – రెండు పురస్కారాలు

తెలుగులో తొలి అకాడమీ పురస్కారం 1955లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు లభించింది. అప్పటికి ఆయన మరణించి రెండేళ్లు. రాజుల వంశావళులను పక్కనపెట్టి ప్రజల ఆటలు, ఆహారం, వేషభాషలు, నమ్మకాలను చరిత్రగా కూర్చిన గ్రంథమది. గోలకొండ పత్రికను నడిపి, నిజాం రాష్ట్రంలో కవులు లేరన్న ఆక్షేపణకు 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో జవాబుగా వెలువరించిన సంపాదకుడు ఆయన. జాతీయ స్థాయిలో తెలుగుకు దక్కిన మొదటి గౌరవం ఉర్దూ రాజ్యంలో తెలుగు కోసం నిలబడిన వ్యక్తికి చెందడం గమనార్హం.

ఉర్దూ పట్టికను తెరిస్తే 1969 సంవత్సరం ఎదుట మఖ్దూం మొహియుద్దీన్ పేరు, ‘బిసాత్-ఎ-రక్స్’ గ్రంథం కనిపిస్తాయి. నృత్యానికి పరచిన తివాచీ అని ఆ పేరుకు స్థూలార్థం. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. మఖ్దూం 1908లో మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. ఉస్మానియాలో చదివి, అధ్యాపక వృత్తిని వదలి కార్మికోద్యమంలో ప్రవేశించారు. 1947 సెప్టెంబరులో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. తెలంగాణ పేరుతోనే ఉర్దూలో కవిత రాశారు.

ఆయనకు మన ప్రాంతంతో గల సంబంధం పోరాట స్మృతికి పరిమితమైనది కాదు. 1952 ఎన్నికలతో ఏర్పడిన హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు మఖ్దూం ఎన్నికైనది కోదాడ, మిర్యాలగూడల నడుమనున్న హుజూర్‌నగర్ నుంచి. అదే శాసనసభకు వనపర్తి నుంచి సురవరం ప్రతాపరెడ్డి, సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం ఎన్నికయ్యారు. తెలుగు పట్టికలోని మొదటి పేరూ, ఉర్దూ పట్టికలోని 1969 నాటి పేరూ ఒకే సభ సభ్యులవి. రాజకీయంగా వారు వేర్వేరు పక్షాలవారు. కాని ఇద్దరి గ్రంథాలకూ వెనుకనున్న సమాజం ఒకటే.

ఇక్కడే పట్టిక పరిమితి స్పష్టమవుతుంది. 1969 సంవత్సరానికి తెలుగు పట్టికలో తుమ్మల సీతారామమూర్తి ‘మహాత్మకథ’ ఉంది. ఆ ఒక్క పట్టికనే చదివే విద్యార్థికి, తన తాతల ఓటుతో శాసనసభకు వెళ్లిన కవికి అదే ఏడు జాతీయ పురస్కారం వచ్చిందని తెలిసే అవకాశం లేదు. ఉర్దూ పట్టికలో హుజూర్‌నగర్ ప్రస్తావన ఉండదు. తెలుగు పట్టికలో మఖ్దూం ఉండరు. తెలుగు పల్లెలు ఒక ఉర్దూ కవిని తమ ప్రతినిధిగా ఎన్నుకున్న చరిత్ర దేనిలోనూ నమోదు కాలేదు.

గ్రంథంలో దాగిన రెండవ భాష

తెలుగు పట్టికలోనే కొన్ని పేర్ల వెనుక ఉర్దూ విద్య కనిపిస్తుంది. 1973లో ‘మంటలు మానవుడు’కు పురస్కారం పొందిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. 1974లో ‘తిమిరంతో సమరం’కు పురస్కారం పొందిన దాశరథి గాలిబ్ గజళ్లను తెలుగు చేశారు. 2011లో ‘స్వరలయలు’కు పురస్కారం పొందిన సామల సదాశివ హిందుస్తానీ సంగీతాన్ని, ఉర్దూ సాహిత్య సంస్కారాన్ని తెలుగు వచనంలోకి తెచ్చారు, ఆయన ‘యాది’ శీర్షికే ఉర్దూ నుంచి వచ్చిన తెలంగాణ మాట. పురస్కారం గ్రంథం ఏ భాషలో ఉందో చెప్పగలదు. ఆ గ్రంథం ఎన్ని భాషల మీద నిలిచిందో చెప్పలేదు.

అనువాదానికి అకాడమీ 1989 నుంచి వేరుగా పురస్కారమిస్తోంది. అయినా రెండు భాషల మధ్య రాకపోకలన్నీ అనువాద గ్రంథ రూపంలో జరగవు. తెలంగాణ పోరాటంపై కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారంగా ‘మా భూమి’ తెలుగు చలనచిత్రంగా ప్రజలకు చేరింది. ఇటువంటి ప్రయాణానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

మూడవ భాష సంగతి మరింత ఆలోచించదగినది. మిర్యాలగూడ పరిసర తండాల్లో వినిపించే లంబాడీ ఎనిమిదవ షెడ్యూలులో లేదు కనుక వార్షిక పురస్కారాల భాషలలోనూ లేదు. అకాడమీ గుర్తింపు లేని భాషల కృషికి 1996లో భాషా సమ్మాన్ ఏర్పడినా అది ఏటా ప్రతి భాషకూ దక్కేది కాదు. నిజామాబాద్ జిల్లాకు చెందిన రమేశ్ కార్తీక్ నాయక్ బంజారా జీవితాన్ని చిత్రించిన ‘ఢావ్లో’ కథలకు 2024లో యువ పురస్కారం వచ్చింది. గ్రంథ శీర్షిక లంబాడీ మాట. పురస్కారం తెలుగు విభాగంలోది. నిజాం కాలంలో ఉర్దూ ముందు తెలుగు ఏ స్థితిలో నిలబడిందో, నేడు తెలుగు ముందు లంబాడీ ఇంచుమించు అదే స్థితిలో ఉంది. తెలుగు పరిశోధకులు ఈ పోలికను గుర్తించడం చారిత్రక బాధ్యత.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. భాషల వారీ పురస్కార విధానం భారతీయ భాషల స్వతంత్ర ప్రతిపత్తిని కాపాడింది. అందువల్ల అది కొనసాగదగినదే. ఆ పట్టిక సాహిత్య చరిత్రకు ఒక ఆధారం మాత్రమే. బహుభాషా ప్రాంతాలకు అది సగం ఆధారమే. ఆ మిగిలిన సగాన్ని పూరించవలసినది అకాడమీ కాదు, ప్రాంతీయ సాహిత్య చరిత్రకారులు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించింది. శాసనం ద్వారా వచ్చిన ఈ గుర్తింపు సాహిత్య చరిత్ర రచనలో ఇంకా ప్రతిఫలించవలసి ఉంది. పూర్వపు నల్లగొండ జిల్లా సాహిత్య చరిత్రలో భువనగిరి ప్రాంతపు ఎన్. గోపి (2000), నిఖిలేశ్వర్ (2020) వంటి తెలుగు పురస్కార గ్రహీతల సరసన హుజూర్‌నగర్ ప్రతినిధి మఖ్దూంకు కూడా ఒక అధ్యాయం ఉండాలి. ఆ అధ్యాయం రాయడానికి తెలుగు, ఉర్దూ శాఖల పరిశోధకులు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుంది. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివే పని అక్కడే మొదలవుతుంది.