హైదరాబాద్ ముత్యాల నగలు

తెలంగాణలో ముత్యాల నగలకు పేరుపడ్డ చోటు, హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న పత్థర్‌గట్టీ. సముద్రం లేని నగరానికి ఈ వన్నె నిజాముల మక్కువతో వచ్చింది. పూర్వం పర్షియన్ సింధుశాఖ నుంచి బస్రా ముత్యాలు దిగేవి; ఇప్పుడు ఎక్కువగా చైనా సాగు ముత్యాలే.

పనితనమంతా బెజ్జంలో ఉంది. కాస్త వంకరపోతే ముత్యం పగులుతుంది, దండ కుదురుగా నిలవదు. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచి తెల్లబరుస్తారు. సైజు, ఆకారం, మెరుపు చూసి ఏరుతారు. మేలైన దండలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తారు. ఒరిపిడి ఉండదు, దారం తెగినా అన్నీ రాలిపోవు. నగకు వెల కట్టేటప్పుడు ఈ ఓపికనూ లెక్కించాలి.

1995లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల హారం సాత్‌లడా పేరొందినది.