వంటగట్టు

వంటగట్టు అనగా వంటగదిలో నిలబడి వంట చేసుకొనుటకు నడుము ఎత్తున అమర్చిన రాతి పలక. దీనిని వాడుకలో కిచెన్ ప్లాట్‌ఫారం అని కూడా అంటారు. రాయలసీమలో దీనికి ఎక్కువగా కడప రాయిని, గ్రానైటును వాడతారు. పలమనేరు ఉన్న చిత్తూరు జిల్లాలోనే కుప్పం ప్రాంతంలో దొరికే ఆకుపచ్చ గ్రానైటు "కుప్పం గ్రీన్" పేరుతో ప్రసిద్ధి చెందింది. అరిగి, మచ్చలు పడిన గట్టును మార్చకుండానే తక్కువ ఖర్చుతో బాగుచేయవచ్చును.

== రాతి స్వభావం ==
కడప రాయి సున్నపురాయి జాతికి చెందినది. నిమ్మరసం, చింతపండు పులుసు తగిలితే ఇందులోని కాల్షియం కార్బొనేటు కరిగి నునుపు పోతుంది. గ్రానైటు పులుపుకు అంతగా చెడదు. రాయి ఏదో తెలియనప్పుడు కనబడని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి చూడవచ్చును. అక్కడ మెరుపు తగ్గితే అది సున్నపురాయి కావచ్చును.

== బాగుచేయు విధానం ==
* సబ్బునీటితో జిడ్డు కడిగి ఆరనివ్వాలి. కడప రాయిపై యాసిడ్ పోయరాదు.
* నీటిలో తడిపి వాడే ఉప్పుకాగితంతో మొదట గరుకు రకం (220), పిదప నునుపు రకాలు (400, 800) వాడి రుద్దాలి.
* అతుకులలో రంగు కలిపిన తెల్ల సిమెంటు నింపాలి.
* పూర్తిగా ఆరిన తరువాత రాతి సీలర్ పూయాలి.

== జాగ్రత్తలు ==
గ్రానైటును యంత్రంతో పొడిగా అరగదీస్తే సిలికా ధూళి వెలువడుతుంది. దీనిని ఎక్కువకాలం పీల్చిన పనివారికి సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. కావున నీరు పోస్తూనే అరగదీయించాలి.

== ఇవి కూడా చూడండి ==
* నాపరాయి
* గ్రానైటు
* పలమనేరు