మైనపుకాగితపు సంచి: ఒక చిప్సు పరిశ్రమ చరిత్ర

వేయించిన అప్పడమును గాలికి విడిచిన కొంతసేపటికే మెత్తబడునని ప్రతి గృహిణియు నెరుగును. ఇంటిలో దానివలన కలుగు నష్టము స్వల్పమే. వేపుడు పదార్థములను అమ్మి బ్రతుకువానికి మాత్రము అదియే ప్రాణసంకటము. అమెరికా దేశపు పడమటి తీరముననున్న కాలిఫోర్నియా రాష్ట్రములో ఈ సంకటమునకు ఉపాయము కనుగొని, దానిపై ఒక పెద్ద పరిశ్రమను నిలిపిన స్త్రీ లారా స్కడర్.

బంగాళాదుంప చిప్సు 1853లో సారటోగా అను ఊరిలో ఒక వంటవాని కోపమునుండి పుట్టెనని అమెరికనులు కథ చెప్పుకొందురు. కథ రుచిగానే యున్నది. కాని 1817లో ఇంగ్లండున అచ్చయిన ఒక పాకశాస్త్ర గ్రంథములోనే ఇట్టి వంటకము కలదు. పుట్టుక యెట్లున్నను, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లకు ఆ దేశమునందలి అనేక పట్టణములలో చిన్న చిన్న చిప్సు కార్ఖానాలు వెలసినవి. అవి చిన్నవిగనే యుండిపోవుటకు కారణము కలదు. దుంపలో ఐదింట నాలుగు పాళ్లు నీరే. పలుచగా తరిగి, కడిగి, నూనెలో వేచినపుడు ఆ నీరు దాదాపుగా ఆవిరియై పోవును; నాలుగు శేర్ల దుంపలకు దక్కునది ఇంచుమించు ఒక శేరు చిప్సు. ఇట్లు నీరు పోయిన బిళ్ల గాలిలోని తేమను ఆత్రముగా పీల్చుకొనును. ఆనాటి అంగడివారు చిప్సును పీపాలలోనో గాజు పెట్టెలలోనో పోసియుంచి, అడిగినవారికి తీసి పొట్లము కట్టుచుండిరి. ముందు వచ్చినవానికి కరకరలాడు బిళ్లలు, కడపట వచ్చినవానికి అడుగున మిగిలిన మెత్తని నలుసులు. ఇక దూరపు ఊళ్లకు సరకు పంపుట యెట్లు?

లారా 1881లో ఫిలడెల్ఫియాలో జన్మించెను. మొదట రోగులకు పరిచర్య చేయు నర్సుగా పనిచేసి, పెండ్లియైన పిమ్మట భర్తతో కాలిఫోర్నియాకు వచ్చెను. అచ్చటి యుకాయా పట్టణములో భోజనశాల నడుపుచునే న్యాయశాస్త్రము చదివి, 1918లో న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. 1920లో ఆ కుటుంబము లాస్ ఏంజెలెస్ చెంతనున్న మాంటెరీ పార్కు చేరి పెట్రోలు బంకు నడిపెను. భర్త గాయపడగా సంసారభారమంతయు ఆమెపై బడినది. 1926లో, నలువది యైదేండ్ల వయస్సున, ఆమె చిప్సు వ్యాపారమునకు పూనుకొనెను.

ఆమె యోచన చూడ నతి సామాన్యము. కార్ఖానాలో పనిచేయు స్త్రీలు సాయంకాలము మైనపుకాగితములను ఇంటికి గొనిపోయి, ఇస్త్రీపెట్టెతో అంచులనంటించి సంచులు చేసి, మరునాడు తెచ్చెడివారు. వానిలో చిప్సు నింపి, మూతిని మరల వేడి ఇస్త్రీతో మూసెడివారు. మైనము తేమను లోనికి రానీయదు. సంచి మూసియుండుటచే బిళ్లలు విరుగుటయు తగ్గినది. కొనువారు తాజాదనము నెరుగునట్లు సంచిపై తేదీ వేయు పద్ధతిని తొలుత నవలంబించినవారిలో ఆమె సంస్థ యొకటి. మరి కొన్నాళ్లకు తేమను ఆపు సెల్లోఫేను కాగితము వచ్చి ఈ పనిని యంత్రములకు అప్పగించినది. ఆ యంత్రములకు దారి చూపినవి ఈ ఇస్త్రీపెట్టెలే.

సరకు చేరవేయు మొదటి లారీకి బీమా చేయుటకు ఆ ప్రాంతపు ఏజెంట్లెవ్వరు నంగీకరింపలేదట. స్త్రీలు సొమ్ము సక్రమముగా చెల్లింపరని వారి వాదన. కడకు ఒక స్త్రీ ఏజెంటు సాహసించెను. తరువాత సంస్థ లారీలన్నింటి బీమాయు ఆమెకే దక్కెననుటలో న్యాయము కలదు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యమును తట్టుకొని, సంస్థ వేరుశెనగ వెన్న, మయొనైజు మొదలగు వానిని కూడ చేయసాగెను.

వార్ధక్యమున సంస్థను విక్రయింపదలచినపుడు 90 లక్షల డాలర్లిత్తుమని యొకరు ముందుకు వచ్చిరి. పనివారి ఉద్యోగములు నిలుపుదుమని మాత్రము వారు మాట ఇయ్యలేదు. ఆమె ఆ బేరమును త్రోసిపుచ్చి, ఆ హామీనిచ్చిన సిగ్నల్ చమురు సంస్థకు 1957లో 60 లక్షలకే అమ్మెను. 30 లక్షల డాలర్లు విడుచుకొనుట వ్యాపారికి తేలిక కాదు. ఇస్త్రీపెట్టెలు పట్టిన చేతులను ఆమె మరువలేదు. 1959లో ఆమె మరణించెను.

ఆ హామీ కొన్నవారిని కట్టెనే గాని వారి తరువాతివారిని కట్టలేకపోయెను. సంస్థ చేతులు మారి, 1987లో 10 కోట్ల డాలర్లకు బోర్డెన్ సంస్థ వశమయ్యెను. అనతికాలముననే కాలిఫోర్నియాలోని కార్ఖానాలు మూతబడినవి. 1994లో వేరుశెనగ వెన్న వ్యాపారమును స్మకర్స్ సంస్థ కొని, సీసాలపై లారా స్కడర్ పేరును అట్లే యుంచెను.