40 మిల్లీమీటర్ల నెమలి

కరీంనగర్, టవర్ సర్కిల్ దగ్గర ఓ సందు. రాత్రి 9 దాటింది. మీ ముందు తెర మీద 40 మిల్లీమీటర్ల నెమలి, ఒళ్లంతా సన్నని తీగ చుట్లే. ఈ ఊరి వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు చేస్తున్నది ఆ పనికి ముందు చూపించే నమూనా. రెజిన్‌లో ప్రింట్ తీసింది చూసి కొనేవాళ్లు సరేనంటే, పనివాళ్లు వెండి తీగలు మెలేయడం మొదలుపెడతారు. హైదరాబాద్‌లో 3డి ప్రింటర్ 10కి ఆన్ చేస్తారు. ఫైల్ ఆలోపే చేరాలి.

నెమలిని తయారుచేసిన 3డి ప్రోగ్రాం బ్లెండర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కండి. ఫైల్ రకాలు కనిపిస్తాయి: ఓబీజే, ఎఫ్‌బీఎక్స్, ఎస్‌టీఎల్. అక్కడివాళ్లు అడిగింది ఎస్‌టీఎల్. పంపేశారు.

ఫోన్ మోగుతుంది.

"అన్నా, ఫైల్ తెరిచిన. ఏం కనవడ్తలేదు."

గుండె గుభేలుమంటుంది. ఫైల్ పాడైందా? జూమ్ చేయమనండి. ఇంకా. ఇంకా. మూలన ఓ నలుసు. అదే మీ నెమలి!

బ్లెండర్ మీటర్ల లెక్కన 0.04 అని రాసింది. అవతలి ప్రోగ్రాం దాన్ని మిల్లీమీటర్లనుకుంది. 1987లో పుట్టిన ఎస్‌టీఎల్‌లో త్రిభుజాల అంకెలుంటాయి గానీ, అవి ఏ కొలతలో ఉన్నాయో ఉండదు.

స్కేల్ దగ్గర 1000 కొట్టండి. మళ్లీ పంపండి.

"ఇప్పుడు వచ్చింది అన్నా. కానీ తోకంతా ఎర్రగ చూపిస్తుంది. ఆటో రిపేర్ కొట్టాల్నా?"

ఆగమనండి. తోక దగ్గరికి జరగండి. తీగ కొసలు గొట్టాల్లా తెరిచే ఉన్నాయి. ఏది లోపలో, ఏది బయటో ప్రోగ్రాంకు అంతుపట్టడం లేదు. రిపేర్ తనకు తోచినట్టు పొరలు కప్పేస్తుంది. తోక సందులు మూసుకుపోవచ్చు. ఫిలిగ్రీ అందమంతా ఆ సందుల్లోనే ఉంది.

9:35. తీగల సెట్టింగ్‌లో ఫిల్ క్యాప్స్‌కు టిక్కు పెట్టండి. కొసలు మూసుకున్నాయి. కానీ తీగలు ఒకదాంట్లోంచి ఒకటి దూరుతున్నాయి. రీమెష్ చేసి, అంటే బొమ్మను చిన్న చిన్న గడులతో మళ్లీ అల్లి, అన్నింటినీ ఒకే ఆకారంగా కలపాలి. గడి ఎంత పెడతారు? 0.5 మిల్లీమీటర్లయితే క్షణంలో అయిపోతుంది. నొక్కారు.

తోక ముద్దయింది.

సందులు 0.3 మిల్లీమీటర్లే. 0.5 గడికి అవి ఆనవు. అన్‌డూ. 0.1 పెట్టండి. ఫ్యాన్ హోరెత్తుతుంది. తెర బిగుసుకుపోయింది. 9:44. మౌస్ ముట్టుకోకండి. 9:47. ఆపేయాలా? వద్దు. ఆగండి.

వచ్చింది. దాదాపు 8 లక్షల త్రిభుజాలు. ఒక్కోదానికి 50 బైట్లు, మొత్తం 40 ఎంబీ.

వెంటనే పంపకండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను ప్రింటర్ ప్రోగ్రాంలో మీరే తెరిచి చూడండి. మీ తెర మీది బొమ్మ బాగుందంటే సరిపోదు, అవతల తెరుచుకునేదే అసలు బొమ్మ. ఎత్తు కొలవండి. 40. తోకను తిప్పండి. ప్రతి సందులోంచి వెనక నేపథ్యం కనిపిస్తోంది.

ఫైల్ మోయలేని సంగతులు మెసేజ్‌లో రాయండి: "ఎత్తు 40 మిల్లీమీటర్లు. రిపేర్ కొట్టొద్దు. సందులు మూయొద్దు."

9:56. ఇక పంపండి.