నామరూపాలు: ఓషధీజ్ఞానానికి మూలపురుషులు

ఋగ్వేద దశమ మండలంలోని 97వ సూక్తం ఓషధీసూక్తంగా ప్రసిద్ధం. ఆథర్వణుడైన భిషక్కు దీని ద్రష్ట. ఇందులో ఓషధులు తల్లులుగా, దేవతలుగా స్తుతింపబడ్డాయి. వేరును త్రవ్వేవానికి గాని, ఎవరి కొరకు త్రవ్వుతున్నాడో ఆ రోగికి గాని హాని కలుగరాదని ఋషి ప్రార్థించాడు. మొక్కను పెకలించడం కూడ అపరాధభావంతో, వినయంతో చేయవలసిన కర్మ అని దీని భావం.

అయితే అరణ్యంలో ఆ మొక్కను గుర్తించి చూపేవారెవరు? మేకలు, గొఱ్ఱెలు, గోవులు కాచేవారు, ఇతర వనవాసులు ఓషధుల నామరూపాలను ఎరుగుదురని చరకసంహిత సూత్రస్థానం ప్రథమాధ్యాయం చెబుతుంది. సుశ్రుతుడు తాపసులను, వేటగాండ్రను కూడ ఈ శ్రేణిలో చేర్చాడు. కాని నామరూపజ్ఞానం మాత్రమే చాలదని చరకుని నిర్ణయం. దేశకాలాలను, రోగి ప్రకృతిని పరిశీలించి ప్రయోగించగలవాడే ఉత్తమ భిషక్కు. కాపరి కన్ను, వైద్యుని వివేకం కలిసినప్పుడే శాస్త్రం ఫలిస్తుంది.

ఈ సమన్వయం 17వ శతాబ్దిలో మలబారు తీరాన మరల కనిపించింది. డచ్చి అధికారి వాన్ రీడె అక్కడి ఓషధులపై లాటిన్‌లో రూపొందింపజేసిన ‘హోర్టస్ మలబారికస్’ 1678–1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడింది. ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ తన వంశపారంపర్య జ్ఞానాన్ని అందులో సమర్పించాడు. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణ బ్రాహ్మణ వైద్యులు కూడ సహకరించారు. విద్య విషయంలో వర్ణభేదం అడ్డు రాలేదు.

తెలుగువారి ఇంట ఈ పరంపరకు నిలయం వినాయకచవితినాటి ఏకవింశతి పత్రపూజ. అపామార్గమంటే ఉత్తరేణి, పల్లెలలో దాని పుల్లతో పళ్లు తోముకునేవారు. సింధువారమంటే వావిలి, ఆ ఆకు మరిగించిన నీటితో బాలింతలకు స్నానం చేయించేవారు. పత్రికై గట్ల వెంట తిరిగిన బాలునికి పూజతోపాటు ఓషధీపరిచయం కూడ సిద్ధించేది.

నేడు పత్రి అంగడిలో కట్టగా లభిస్తున్నది. 21 నామాలూ పఠిస్తారు. ఏ నామానికి ఏ ఆకో తెలియదు. మంత్రం నామాన్ని నిలిపింది, రూపం మఱుగవుతున్నది. నిరక్షరుడైన మేకలకాపరికి రెండూ తెలుసునని చరకుడు గౌరవించిన చోట, పూజ చేసే గృహస్థునికి సగమే మిగలడం శోచనీయం. చవితికి ముందు ఒక్క ఉదయం, ఊరి పెద్దను వెంటబెట్టుకొని పిల్లలతో గట్టుమీదికి వెళ్లి, ఒక్కొక్క మొక్కకు నమస్కరించి పత్రి కోయడం ఆ రెండవ సగాన్ని నిలుపుకొనే మార్గం.