రాకుమారి ప్రశ్న, వాల్తేరు పేకముక్కలు

మనస్తత్వశాస్త్రం 1879లో పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల తెరిచిన ఏడాది అది. సరిగ్గా ఆ ఏడాదే పారిస్‌లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరాలు తొలిసారి అచ్చయ్యాయి. అప్పటికి అవి రెండు వందల ఏళ్లు దాటిన కాగితాలు. బిడ్డ భూమ్మీద పడిన రోజే తాతమ్మ వీలునామా దొరికినట్టున్న ఈ సంగతి తెలిసినప్పుడు నా సంబరం అంతా ఇంతా కాదు.

తండ్రికి రాజ్యం పోతే హేగ్‌లో పరాయి పంచన పెరిగిన పిల్ల ఎలిజబెత్. మనసు వేరు, శరీరం వేరు, మనసు చోటు ఆక్రమించదు అని తత్వవేత్త డెకార్ట్ చెప్పాడు. 1643 మేలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆమె ఆయన్ని సూటిగా అడిగింది: దేన్నయినా కదపాలంటే తాకాలి, తొయ్యాలి కదా, తాకడానికేమీ లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదుపుతుంది?

ఆయన జవాబిచ్చాడు. ఆమె ఒప్పుకోలేదు. పదార్థం కాని ఆత్మ శరీరాన్ని కదుపుతుందనుకోవడం కంటే ఆత్మ కూడా పదార్థమేననుకోవడం నాకు తేలిక అని తిరిగి రాసింది. అప్పుడు, అది తర్కానికి అందదు, రోజువారీ బతుకులో తెలుస్తుంది అన్నాడాయన. 1645లో ఆమెకు సన్నజ్వరం, పొడిదగ్గు పట్టుకుంటే, మూలం దిగులేనన్నాడు డెకార్ట్. అయితే ఈ ఉద్వేగాలేమిటో విడమరిచి చెప్పమంది. 1649లో వచ్చిన 'ఆత్మ ఉద్వేగాలు' పుస్తకానికి బీజం అక్కడ పడింది. అందులో మూల ఉద్వేగాలు ఆరు: ఆశ్చర్యం, ప్రేమ, ద్వేషం, కోరిక, సంతోషం, దుఃఖం. భరతుడి ఎనిమిది స్థాయీభావాల్లో విస్మయం ఆఖరిది. డెకార్ట్‌కు అదే మొదటిది.

నన్నడిగితే ఆ పుస్తకం మీద ఆమె పేరు కూడా ఉండాలి. డెకార్ట్ పోయాక తన ఉత్తరాలు అచ్చు వెయ్యొద్దని ఆమే అంది. దాంతో లోకానికి జవాబులు మిగిలాయి, ప్రశ్నలు మరుగునపడ్డాయి. ఎంత నష్టం!

మనసు గురించిన ప్రశ్నను తర్వాత లాక్, హ్యూమ్, కాంట్ వంటి తత్వవేత్తలు పట్టుకున్నారు. ఆపైన అది ప్రయోగశాలకు చేరింది. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర విభాగం తెరిచింది.

ఇక విశాఖపట్నంలోని వాల్తేరు. తత్వవేత్త రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన కోనేరు రామకృష్ణారావు, అమెరికాలోని డ్యూక్‌లో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో 'సైకాలజీ, పారాసైకాలజీ' విభాగం పెట్టారు. ఇంద్రియాలకు అందనిది మనసుకు తెలుస్తుందా అన్న పరీక్షకు రైన్ వాడింది ఇరవై అయిదు పేకముక్కల కట్ట. వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కోటి అయిదేసి. బోర్లించిన ముక్క మీద ఏముందో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున అయిదు తగులుతాయి. పదేపదే అంతకు మించితే, మనసు కంటినీ చేతినీ దాటి పోతోందనాలి. రాకుమారి ప్రశ్నే ఇది, అవతలి వైపు నుంచి.

అలా మించుతున్నాయని రైన్ చూపిన ఫలితాలను శాస్త్రలోకంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నాకూ నమ్మకం కుదరలేదు. అయినా మనసంటే ఏమిటన్న మొదటి ప్రశ్నను పక్కన పెట్టకుండా ప్రయోగం దాకా తెచ్చిన ధైర్యం విశాఖది. ప్రశ్నాపత్రాలు పంచి మార్కులు కూడే చదువులో ఆ ధైర్యం పలచబడుతోంది. రామకృష్ణారావు 2021లో కన్నుమూశారు. సైకాలజీ చెప్పే అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: మొదటి తరగతి వుంట్‌తో కాదు, 1643 నాటి ఆ ఉత్తరంతో మొదలుపెట్టండి.