ఆ ఫొటోకి ఎంతసేపు పట్టింది?

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది అపర్చర్, షట్టర్, వెలుతురు సంగతులు. వార్తాచిత్రాల పాఠం ఎప్పుడో తర్వాత వస్తుంది, అదీ నీతిబోధలాగా: ఎదుటివాడి కష్టాన్ని సొమ్ము చేసుకోకూడదు, వగైరా. ఈ రెంటినీ విడదీసి చెప్పడమే పొరపాటు. కరువు ఫొటో కంటబడినప్పుడు జాలి పడే ముందు, దీన్ని తీయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందని అడగాలి. జవాబులో సగం సంగతి బయటపడుతుంది. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. 1876-78లో వచ్చి, మనవాళ్ల నోట ధాత కరువుగా మిగిలిపోయిన క్షామం బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. దక్షిణాది మొత్తం మీద చనిపోయినవాళ్లు అరకోటి పైమాటేనని చరిత్రకారుల అంచనా. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్ ఆ బాధితులను ఫొటోలు తీశాడు.

ఆనాటి పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే పక్కనున్న చీకటి గుడారంలో కడగాలి. పలక తయారయ్యేదాకా ఎదుటివాళ్లు ఎండలో కాచుకుని ఉండాలి, తీసేటప్పుడు కొన్ని సెకన్లు కదలకూడదు. ఇప్పుడు ఆ ఫొటోలు చూడండి. లెక్కపెట్టగలిగే పక్కటెముకలు, మోకాళ్ల దగ్గర ముడులు పడ్డ పుల్లల్లాంటి కాళ్లు. కొందరిని కూర్చోబెట్టారు, కొందరిని నిలబెట్టారు. ఒకదాని కింద, వీళ్లు ఉచిత సాయానికి తగినవాళ్లు అనే అర్థంలో ఇంగ్లిషు శీర్షిక. కరువు సహాయ శిబిరాల్లో పని చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని, కరువు పర్యవేక్షణకు సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టిన రోజులవి. తగినవాళ్లెవరో తేల్చడం సర్కారు పని, కెమెరా ఆ పనికి వంత పాడింది.

తప్పు మనిషిది కాదు, యంత్రానిది అని వాదించవచ్చు. పలక నెమ్మది, కాబట్టి మనుషుల్ని కదలకుండా ఉంచక తప్పలేదు, నిజమే. కానీ 1886 నాటికి పలకలు వేగం పుంజుకున్నాయి. మాండలేలో బర్మా తిరుగుబాటుదార్లను కాల్చి చంపించే బాధ్యత హూపర్‌దే. తూటాలు తగిలే క్షణాన్ని పలక మీద పట్టడానికి కాల్పుల ఆజ్ఞను సాగదీశాడని ఆరోపణ వచ్చింది, లండన్‌లో గొడవైంది, విచారణ జరిగింది, మందలించి వదిలేశారు. యంత్రం మారినా చూపు మారలేదు. నెమ్మది పలకను సాకుగా చూపే వీలు అక్కడితో పోయింది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకోటుంది: ఆ ఫొటోలే లేకపోతే బయటి లోకానికి కరువు సంగతి తెలిసేదా? ఇది కొట్టిపారేసే మాట కాదు. మద్రాసులో పత్రికా సంపాదకుడైన విలియం డిగ్బీ 1878లో ఆ కరువు మీద రాసిన గ్రంథంలో ఫొటోల ఆధారంగా చెక్కిన బొమ్మలున్నాయి. ఇంగ్లండ్‌లో చందాలూ పోగయ్యాయి. అయితే చందా ఇచ్చినవాడికి కనిపించింది ఎముకలే. కరువు కాలంలోనూ ఓడలెక్కి పోయిన ధాన్యం ఫ్రేములో లేదు. 1943లో బెంగాల్ క్షామం వచ్చినప్పుడు కూడా కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక ఆగస్టు 22న ఎముకల గూళ్లలాంటి మనుషుల ఫొటోలనే అచ్చు వేసింది. కానీ ఈసారి వేలు సర్కారు వైపు చూపింది. కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషీ వెంట ఊళ్లు తిరిగిన సునీల్ జానా ఫొటోలు పార్టీ పత్రికలో వచ్చాయి. అవి పరిపాలన మీద ఫిర్యాదు పత్రాలు.

ఆకలి అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉంటుంది, కాబట్టి ఫొటోలు కూడా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే కెమెరా వెనక్కి వెళ్లి నిలబడాలి: ఎవరు పంపారు, ఎంతసేపు ఆపారు, కింద ఏం రాశారు. ధాత కరువు ఫొటోలు ఎవరు తీశారో మనకు తెలుసు. వాటిలో ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.